కోపంతో పుట్టిన పత్రిక

తమ్ముడూ,

నీ కథ చదివాను. సినిమాల్లో మన వైపు ఆడవాళ్ళని మోటుగా, గయ్యాళులుగా చూపిస్తున్నారన్న కోపంతో రాశావని మొదటి పేజీలోనే తెలిసిపోతోంది. కోపం మంచిదే. కానీ ఆ కోపంలో నువ్వు అమ్మని ఎంత మంచిదాన్ని చేసేశావంటే, కథ మొత్తంలో ఆవిడ తనంతట తాను ఒక్క మాట కూడా మాట్లాడదు.

విక్టోరియా రాణి కాలంలో, బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక పత్రిక ఇలాగే కోపంతో పుట్టింది. అక్కడి బడుల మీద 1847లో ప్రభుత్వం ఒక విచారణ నివేదిక వేసింది. విచారించడానికి వచ్చిన ముగ్గురు కమిషనర్లకీ అక్కడి జనం మాట్లాడే వెల్ష్ భాష రాదు. బడుల సంగతి రాసి ఊరుకోకుండా, ఆ భాషే జనం ఎదుగుదలకి అడ్డమన్నారు, ఆడవాళ్ళ శీలం మీద కూడా నిందలు వేశారు. ఎవాన్ జోన్స్ అనే యువ పాస్టర్‌కి అది భరించరాని అవమానం అనిపించింది. ఇయాన్ గ్వినెద్ అంటే అక్కడ అందరికీ తెలుసు, ఆయన కలంపేరు అది. గణాంకాలు ముందేసుకుని, ఆ నివేదిక ఎక్కడెక్కడ తప్పో చూపిస్తూ కరపత్రాలు రాశాడు. తర్వాత 1850లో ఆడవాళ్ళ కోసం, ఇంట్లో చదువుకోవడానికి, వెల్ష్‌లోనే 'ఎ గమ్రైస్' అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. వెల్ష్ మహిళ అని దానర్థం. లేడీ లానోవర్ లాంటి డబ్బూ పలుకుబడీ ఉన్నావిడ అండగా నిలబడ్డా, 1851 దాటకుండానే అది ఆగిపోయి వేరే పత్రికలో కలిసిపోయింది. ఆయన కూడా 1852లో, 31 ఏళ్ళకే పోయాడు.

ఆయన మీద నాకు చాలా గౌరవం. అయినా ఆ పత్రికలో రాసింది ఎక్కువగా మగవాళ్ళే. మంచి భార్యగా, తెలివైన తల్లిగా, నమ్మకమైన పనిమనిషిగా ఎలా ఉండాలో చెబుతూ వచ్చారు. బయటివాడు వేసిన నిందకి జవాబు చెప్పే తొందరలో ఇంట్లోవాళ్ళకి పాఠాలు చెప్పడం మొదలైంది, వాళ్ళేమనుకుంటున్నారో అడగడం మాత్రం జరగలేదు. నీ కథకి పట్టిన జబ్బూ ఇదే.

అడిగితే ఎలా ఉంటుందో తర్వాత అదే వేల్స్‌లో క్రానోగ్వెన్ అనే కవయిత్రి చూపించింది. ఓడ కెప్టెన్ కూతురు, తండ్రితో సముద్రం మీద తిరిగింది, కుర్రాళ్ళకి ఓడ నడిపే విద్య నేర్పింది, కవిత్వంలో పేరున్న మగకవులని దాటి బహుమతి కొట్టింది (ఆవిడ మీదే ఒక నవల రాయొచ్చు అనిపిస్తుంది నాకు). 1879లో మొదలైన 'ఎ వ్రిథోనెస్' అనే ఆడవాళ్ళ పత్రికకి సంపాదకురాలై, అందులో పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చే శీర్షిక నడిపింది. ఈ పత్రిక పదేళ్ళ పైనే నిలిచింది.

అందుకని నీ కథలో సినిమావాళ్ళకి జవాబులా ఉన్న పేరాలన్నీ కొట్టెయ్. ఆడపడుచుతో పొలం గట్టు గొడవ వచ్చినప్పుడు అమ్మ నిజంగా ఏమందో, బూతు ఉంటే బూతుతో సహా, అలాగే రాయి. తప్పు ఆవిడదే అయితే తప్పే అని కనపడనీ. సంక్రాంతి లోపు పంపు, చదివి ఫోన్ చేస్తాను.