బ్లేడుతో కోసిన పేజీలు

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. రాత్రి ఫోన్లో "ఏటి చెయ్యమంటావు మావయ్యా, నాకు నిద్ర పట్టట్లేదు" అన్నావు. నువ్వు పెట్టేశాక నాకూ పట్టలేదు. ఫోన్లో విన్నది తెల్లారేసరికి సగం మర్చిపోతాం, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎడిటర్ కుర్చీలో కూర్చుని మూడు నెలలన్నా కాలేదు, అప్పుడే మొదటి ఫిర్యాదు. టెన్షన్ ఉండదా మరి!

నాకర్థమైనంతవరకు సంగతి ఇది. సవర గిరిజనుల ఇళ్ళ గోడల మీది బొమ్మల గురించి మీ జర్నల్‌లో రెండేళ్ళ కిందట ఒక ఇంగ్లీషు వ్యాసం వచ్చింది. అప్పటికి నువ్వు ఎడిటర్‌వి కాదు. అది తను ఎప్పుడో కాలేజీ సంచికలో ఒడియాలో రాసిన వ్యాసమేనని ఒక రిటైరైన మేష్టారు ఉత్తరం రాశాడు. అప్పట్లో కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే పోలిక నాలుగు శాతమే వచ్చిందని నీ ముందు పనిచేసినాయన అంటున్నాడు.

ముందు ఆ మేష్టారికి ఈరోజే జవాబు రాయి. రెండు వాక్యాలు చాలు: మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తున్నాం, ఫలానా తేదీలోగా మళ్ళీ రాస్తాం. "మీరు చెప్పింది నిజమే" అనకు, "అలాంటిదేమీ జరిగి ఉండదు" అని కూడా అనకు. ఆయన పేరు బయటపెట్టవచ్చా అని అడుగు. వద్దంటే నువ్వూ నోరు మెదపకు. మీ సంపాదక వర్గం వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ విషయం పెట్టొద్దు. బరంపురంలో ఒక మాట గిరి రోడ్డులో బయలుదేరితే సాయంత్రానికి గోపాలపురం బీచిలో వినిపిస్తుంది, నీకు తెలియనిదా.

ఇక ఆ నాలుగు శాతం మాట. ఆ లెక్క చూసి నిశ్చింతగా ఉండకు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చి రాసింది ఈ సాఫ్ట్‌వేర్లకు మామూలుగా దొరకదు, అందులోనూ పాత కాలేజీ సంచిక వాటి దగ్గర ఉండనే ఉండదు. పెద్ద అంకె కనబడినా కంగారు పడక్కర్లేదు. విశ్వవిద్యాలయాల్ని చూసే యూజీసీ 2018లో పెట్టిన నిబంధనల్లోనే రిఫరెన్సులు, మూలం చెప్పి ఎత్తి రాసిన భాగాలు లెక్కలోకి రావని ఉంది. అందరూ వాడే మాటలు వరసగా పద్నాలుగు దాకా కలిసినా తీసేయమన్నారు. అంకెతో పని కాదు, చదవాలి. నువ్వు బరంపురంలో పుట్టి పెరిగిన దానివి, రెండు భాషలూ ధారాళంగా చదువుతావు. ఈ పనికి నీకంటే తగిన మనిషి మీ గ్రూపులో ఎవరూ లేరు.

రెండు వ్యాసాలూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టు. పెన్సిల్, స్కేలు తీసుకో. ఒప్పుల్ని పక్కన పెట్టి తప్పుల్ని వెతుకు. ఊరి పేరు ఒడియాలో అచ్చుతప్పుగా పడితే ఇంగ్లీషులోనూ అదే తప్పు ఉందా? ఒక బొమ్మ వివరాలు మధ్యలో ఆగిపోతే అక్కడా అలాగే ఆగిపోయిందా? నా సంగతే చెబుతాను. ఒకప్పుడు నేను మూడు ఊళ్ళ మొక్కల జాబితా వేసి పదిహేడు, తొమ్మిది, పద్నాలుగు కూడి నలభై ఒకటి అని అచ్చు వేయించుకున్నాను. నలభై అని నాకు తట్టింది ఏడాది తర్వాత. ఈలోపు ఇంకొకాయన "స్వయంగా తిరిగి సేకరించిన" పట్టికలో అవే మూడు ఊళ్ళు, అవే అంకెలు, కింద నలభై ఒకటి! సిగ్గుపడాలో నవ్వాలో తెలియలేదు. అలాంటివి దొరికితే మూడు గళ్ళ పట్టిక గీసి ఒడియా వాక్యం, ఇంగ్లీషు వాక్యం, పేజీ నంబరు రాసుకో. ఆ తర్వాత ఒడియా, ఇంగ్లీషు రెండూ వచ్చి ఈ ఇద్దరితోనూ పరిచయం లేని ఒకరికి ఇచ్చి చూడమను. ఒక్క జత కళ్ళు చాలవు.

అప్పుడు వ్యాస రచయితకు రాయి. ఇక్కడే చాలామంది కాలు జారతారు. "మీరు కాపీ కొట్టారని తేలింది" అని మొదలుపెడితే జవాబు లాయరు నోటీసు రూపంలో వస్తుంది. "మీ వ్యాసానికీ ఫలానా ఒడియా వ్యాసానికీ మధ్య ఉన్న పోలికలు మా దృష్టికి వచ్చాయి, పట్టిక జత చేస్తున్నాం, మీ వివరణ మూడు వారాల్లో పంపండి" అని రాయి. వ్యాసం మీద ఎంతమంది పేర్లుంటే అంతమందికీ విడివిడిగా పంపు. రెండో పేరు మనిషికి ఈ వ్యాసంలో తన పేరుందనే తెలియకపోవచ్చు. నవ్వకు, నేను చూశాను. కోప్ అని ఎడిటర్ల సంస్థ ఒకటుంది, 1997లో ఇంగ్లండ్‌లో వైద్య జర్నళ్ళ ఎడిటర్లు మొదలుపెట్టింది. ఏ రకం ఫిర్యాదుకి ఏ అడుగు తర్వాత ఏ అడుగో బాణం గుర్తులతో బొమ్మలు గీసి ఉచితంగా పెట్టారు. "అచ్చయిన వ్యాసంలో కాపీ" అన్న బొమ్మను ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకో. ఎవరైనా దబాయిస్తే "నా ఇష్టం కాదు సార్, పద్ధతి ఇదీ" అని చూపించొచ్చు.

వివరణ వచ్చాక కథ మారిపోవచ్చు. ఆయన ఆ మేష్టారి అనుమతితోనే అనువదించి, పేరు వేయడం మర్చిపోయి ఉంటాడు. లేదా ఇద్దరూ ఒకే పాత గెజిటీర్ లోంచి తీసుకుని ఉంటారు. అలాగైతే సవరణ వేస్తే సరిపోతుంది. జవాబే రాకపోతే ఇంకోసారి రాసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆయన పనిచేసే కాలేజీకి రాయి. విచారణ చేయాల్సింది వాళ్ళు. యూజీసీ నిబంధనల్లో దానికి ప్యానెళ్ళు పెట్టుకోమని ఉంది. వ్యాసాల్లో పోలిక నలభై శాతం దాటితే వ్యాసం వెనక్కి తీసుకోవాలి, ఒక ఇంక్రిమెంట్ పోతుంది, రెండేళ్ళు కొత్త విద్యార్థులకు గైడ్‌గా ఉండకూడదు. అరవై దాటితే రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్ళు. అనువాదం విషయంలో ఈ శాతాలు ఎలా లెక్కేస్తారో ఆ తలనొప్పి వాళ్ళదే. శిక్షల జోలికి నువ్వు పోకు, నీ చేతిలో ఉన్నది ఆ వ్యాసం ఒక్కటే.

ఇప్పుడు ఫోన్లు మొదలవుతాయి. "పాపం, ప్రమోషన్ ఫైలు కదులుతోందమ్మా", "మనవాడే", "కూతురి పెళ్ళి కుదిరింది". ఎత్తు, విను, "రాసి పంపండి" అను. ఎవరు ఎన్నింటికి చేశారో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టు. ఆ రచయిత మీ వాళ్ళకి చుట్టమైనా, నీతో చదివినవాడైనా ముందే చెప్పి ఈ ఫైలు వేరేవాళ్ళకి అప్పగించు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆ పని చేయలేదు కాబట్టి. నేను ఒక చిన్న జర్నల్ చూసిన రోజుల్లో ఇలాగే ఒక వ్యాసం మొత్తం ఎత్తి రాసిందని తేలింది. ఆయన మా ఇంటికి వచ్చి, అత్తయ్య ఇచ్చిన కాఫీ ముట్టకుండా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు జాలేసింది. గుట్టుగా సర్దేద్దామనుకుని లైబ్రరీలో బైండు చేసిన సంచికలోంచి ఆ పేజీలు బ్లేడుతో కోయించేశాను. విషయసూచికలో ఆ వరుస మీద తెల్ల కాగితం అతికించాను. పని అయిపోయిందనుకున్నాను. విశాఖకి, హైదరాబాదుకి పోయిన కాపీల్ని ఎవరు కోస్తారు? నాలుగేళ్ళ తర్వాత ఒకమ్మాయి ఆ వ్యాసం ఆధారంగా థీసిస్‌లో ఒక అధ్యాయం రాసుకుంది. వైవాలో అసలు రచయిత ఎవరో తెలిసిన పెద్దాయన అడిగితే పిల్ల బిక్కచచ్చిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఆ సంచిక ఇప్పటికీ ఉంది. తెరిస్తే కుట్టు దగ్గర అరంగుళం కాగితం అంచులు వరసగా తగులుతాయి.

అందుకని కాపీ అని తేలితే వ్యాసాన్ని వెబ్‌సైటులోంచి మాయం చేయకు. అక్కడే ఉంచి, ప్రతి పేజీ మీదా ఉపసంహరించినట్టు అడ్డంగా కనబడేలా వేయించు. పక్కన ఒక ప్రకటన పెట్టు. ఏ వ్యాసం, ఎవరు వెనక్కి తీసుకుంటున్నారు, ఎందుకు, అసలు ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. "అనివార్య కారణాల వల్ల" అని రాశావంటే నేను కోసిన పేజీలకీ దానికీ తేడా లేదు. విచారణ నెలల తరబడి సాగేలా ఉంటే ఈలోపు "ఈ వ్యాసంపై సందేహాలున్నాయి, పరిశీలనలో ఉంది" అని ఒక హెచ్చరిక అయినా వేయి. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ వ్యాసం 1998లో వైద్య జర్నల్ లాన్సెట్‌లో వచ్చింది, పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. ఆ పన్నెండేళ్ళలో ఎంతమంది తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించడానికి భయపడ్డారో చూడు. మీ గోడబొమ్మల వ్యాసంతో ఎవరి ప్రాణమూ పోదులే. కానీ సవర ఊళ్ళు తిరిగి రాసిన మనిషి పేరు చెరిగిపోవడం చిన్న సంగతి కాదు. ఇదే ఊళ్ళో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నారు. ఆ భాషకి ఆయన నిఘంటువు అచ్చయింది 1938లో, అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్ళు. ఇలాంటి పని వెనక ఎంత తిరుగుడు ఉంటుందో మనకి కాకపోతే ఎవరికి తెలుస్తుంది?

మిగతా రకాల మోసాలు ముందుముందు నువ్వే చూస్తావు. రచయితే తన వ్యాసాన్ని పరిశీలించే రివ్యూయర్ల పేర్లిచ్చి, ఆ ఈమెయిళ్ళన్నీ తనే తెరిచి పెట్టుకున్న రకం ఉంది. 2014లో సేజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు ఒక్క జర్నల్‌లోనే అరవై పేపర్లు వెనక్కి తీసుకున్నది ఈ బాపతు గొడవకే. కాబట్టి రివ్యూయర్‌ని నువ్వే వెతుక్కో, కాలేజీ మెయిలుకే పంపు. చూడకుండా సంతకం పెట్టే సహరచయితలు ఇంకో రకం. పంజాబ్ విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రవేత్త గుప్తా హిమాలయాల్లో దొరికాయని చూపిన శిలాజాల బండారాన్ని 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ బయటపెట్టాడు. అందులో కొన్ని మొరాకో సరుకులా ఉన్నాయట. ఆ పేపర్ల మీద పేర్లున్న పెద్దపెద్దవాళ్ళు తలలు పట్టుకున్నారు. ఏఐతో రాయించి, లేని పుస్తకాలను రిఫరెన్సుల్లో పెట్టడం కొత్త రకం. నాలుగు రిఫరెన్సులు తీసి నిజంగా ఉన్నాయో లేవో వెతికితే ఆ గుట్టు తెలిసిపోతుంది.

యూజీసీ తను ఒప్పుకున్న జర్నళ్ళ కేర్ జాబితాను 2025లో ఎత్తేసింది కదా, జాబితాలో ఉన్నాం అని చెప్పుకునే ధీమా ఇక లేదు. ఈ ఫిర్యాదు బయటికి వస్తే జర్నల్ పరువు పోతుందని మీ కార్యదర్శి భయపడుతున్నాడన్నావు. ఉపసంహరణ ఒక్కటీ లేని చిన్న జర్నల్‌ని చూస్తే నాకైతే అనుమానమే. ఈ మాట ఆయనతో నేను మాట్లాడతాను, నువ్వు ఇరుక్కోకు.

వచ్చే ఆదివారం గుణుపురం రైలెక్కి వచ్చెయ్యి. రెండు వ్యాసాలూ ఒక్కో వైపే అచ్చయ్యేలా జిరాక్స్ తీయించు, వెనక నోట్సు రాసుకోవచ్చు. రచయితకి ఉత్తరం ఇక్కడే కూర్చుని రాద్దాం. ఆ మేష్టారికి జవాబు మాత్రం అప్పటిదాకా ఆపకు. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటాను, ఆ పాత సంచిక కూడా నీకు చూపించాలి.

మీ మావయ్య