శాతం పెరిగితే పళ్లు ఎక్కువ తెల్లబడతాయా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. రోజుకు ఐదారు టీలు తాగుతాను. పళ్లు పచ్చగా ఉన్నాయి. బొగ్గు పేస్టు రెండు నెలలు వాడినా తేడా లేదు. ఒక క్లినిక్‌లో 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గంటలో తెల్లగా చేస్తామన్నారు. మరో డాక్టరు రాత్రిపూట ఇంట్లో పెట్టుకునే 10 శాతం జెల్ చాలన్నారు. ఏది మంచిది? పై వరుసలో ఒక ముందు పంటికి పింగాణీ క్యాప్ ఉంది.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇద్దరూ చెప్పింది దాదాపు ఒకే మందమ్మా. ఇంటి జెల్‌లో ఉండేది కార్బమైడ్ పెరాక్సైడ్. నోట్లో తడి తగిలితే అది హైడ్రోజన్ పెరాక్సైడ్, యూరియాగా విడిపోతుంది. లెక్క కడితే 10 శాతం కార్బమైడ్ అంటే సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడే. 40 ముందు 3.5 ఏపాటి అనిపిస్తుంది. కానీ మందు పంటి పైపొర ఎనామిల్‌ను దాటి, లోపలి పొర డెంటిన్‌లోని రంగును విరగ్గొట్టాలంటే గాఢతతో పాటు సమయమూ కావాలి. క్లినిక్‌లో అది పంటిమీద ఉండేది గంటలోపే. ఇంటి జెల్‌ను పళ్లకు తొడుక్కునే ట్రేలో వేస్తారు; అది రాత్రంతా ఉంటుంది, అదీ రెండు వారాలు. చివరికి రెండూ ఇంచుమించు ఒకే షేడ్ దగ్గర ఆగుతాయి.

క్లినిక్‌లో అద్దం చూపించగానే 'అబ్బ!' అనుకుంటారు. అందులో కొంత మాయ ఉంది. గంటసేపు నోరు తెరిచి ఉంచితే పళ్లు ఆరిపోతాయి, ఆరిన పన్ను ఇంకా తెల్లగా కనిపిస్తుంది. మళ్లీ ఉమ్మి తగిలి తడి ఎక్కాక, కొద్ది రోజుల్లోనే ఆ తెలుపు కొంత దిగుతుంది. నీలి లైటు, లేజర్ అంటూ అదనంగా డబ్బు అడిగితే నేనైతే వద్దంటాను. వాటివల్ల చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. గాఢత పెరిగితే జివ్వుమనడం మాత్రం పెరుగుతుంది, మందు తగిలితే చిగురు తెల్లగా కాలుతుంది కూడా.

మీకు నా సలహా ట్రే. అచ్చు తీసి మీ పళ్లకే చేయించుకోండి. ఒక్కో పంటి గుంటలో బియ్యపు గింజంత జెల్ చాలు, చిగురు మీదికి పొంగితే తుడిచేయండి. జివ్వుమంటే ఒక రాత్రి ఆపి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి.

అంతకంటే ముందు పిప్పి ఉంటే పూడ్పించుకుని, క్లీనింగ్ చేయించుకోండి. టీ మరకలు, గార పోయాక బ్లీచింగ్ అవసరమే లేదని వెళ్లిపోయినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు.

బొగ్గు పేస్టు ఇవాళే ఆపేయండి. అది పైమరకను గీకుతుందే తప్ప పంటి సొంత రంగును మార్చదు. గీకగా గీకగా ఎనామిల్ పలచబడితే అడుగున ఉన్న పసుపు ఇంకా బయటపడుతుంది. నిమ్మరసం, వంటసోడా చిట్కా కూడా వద్దు, నిమ్మపులుపు ఎనామిల్‌ను తినేస్తుంది. వైటెనింగ్ పేస్టుల పనీ చాలావరకు పైమరకల వరకే. నల్గొండ, ప్రకాశం వైపు కనిపించే ఫ్లోరైడ్ గోధుమ మచ్చలకు, చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్ల వచ్చే బూడిద రంగుకు చికిత్స దారి వేరు.

ఇక మీ క్యాప్. పింగాణీ ఏ మందుకూ తెల్లబడదు. చుట్టూ పళ్లు తెల్లబడితే అదొక్కటే పచ్చగా మిగులుతుంది. కాబట్టి కొత్త క్యాప్ ఖర్చూ ముందే లెక్కేసుకోండి. బ్లీచింగ్ అయ్యాక కనీసం రెండు వారాలు ఆగి, రంగు నిలకడకు వచ్చాకే కొత్త క్యాప్‌కు షేడ్ చూపించుకోండి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఇప్పుడేమీ మొదలుపెట్టకండి.