దికేకు దిక్కు ఎవరు?

సందేహం: గ్రీకుల న్యాయదేవత ‘థెమిస్’ అని ఒకచోట, ‘డైక్’ అని మరోచోట చదివాను. ఎవరు సరైన న్యాయదేవత? థెమిస్, మన ధర్మం ఒకే మాటా?

సమాధానం: ముందు ఆ ‘డైక్’ను వదిలేయండి. మనకు నిక్షేపంలాంటి ‘ద’ ఉండగా, గ్రీకు పేరును ఇంగ్లీషు నోటితో పలకాల్సిన ఖర్మేమిటి? ఆమె దికే. థెమిస్ తల్లి, దికే కూతురు, తండ్రి దేవతల రాజు జ్యూస్. తోబుట్టువులు యునోమియా (సువ్యవస్థ), ఐరీనీ (శాంతి).

‘దికే’కు మూలం ‘చూపించు’ అనే ధాతువు. సంస్కృతంలో అదే ‘దిశ్’. ఆదేశం, ఉపదేశం, మన దిక్కు అన్నీ ఆ ఇంటివే. ‘నాకింకెవరు దిక్కు’ అంటూ కోర్టు మెట్లెక్కే మనిషి, తెలియకుండానే ఆ దేవత చుట్టాన్ని పిలుస్తున్నాడన్నమాట! చూపిన దారి కాబట్టి తీరు అనే అర్థమూ వచ్చింది. హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’లో చనిపోయిన తల్లి కొడుకుతో, ప్రాణం పోయాక మనుషుల ‘దికే’ ఇంతే అంటుంది. అక్కడ అది తీర్పు కాదు, తీరు. మన కాకతాళీయ న్యాయంలోని న్యాయమూ అంతేగా.

దికేకు ప్రాణం పోసినవాడు హెసియోద్. అస్క్రా అనే పల్లెలో సేద్యం చేసుకున్న ప్రాచీన గ్రీకు కవి. ఆస్తి పంపకంలో తోబుట్టువు పెర్సెస్ ఎక్కువ కాజేశాడని ఆయన కడుపుమంట. తీర్పు చెప్పే దొరలను ‘కానుకలు తినేవాళ్లు’ అన్నాడు. మన ‘లంచగొండి’ దాని ముందు మెత్తన. ఆయన కావ్యంలో దికేను ఈడ్చుకుపోతుంటే గోల పుడుతుంది. ఆమె మంచు కప్పుకుని, ఏడుస్తూ ఊరి వెంట నడుస్తుంది. తండ్రి పక్కన కూర్చుని మనుషుల వంకర బుద్ధుల గురించి చెబుతుంది. గంతలు కట్టుకున్న మనిషి చెప్పగలిగే చాడీలా అవి? గంతలు 15వ శతాబ్దం చివర్లో యూరప్ బొమ్మల్లో మొదలయ్యాయి. 2024లో మన సుప్రీంకోర్టులోని గంతలు లేని విగ్రహం వార్తల్లోకి వస్తే, ఏదో కొత్త వింత అన్నట్టు మాట్లాడుకున్నాం!

ఇక ధర్మం ‘ధృ’ (నిలుపు) నుంచి, థెమిస్ ‘ఉంచు’ అనే ధాతువు (సంస్కృతంలో ‘ధా’) నుంచి వచ్చాయి. ఒకే మాట కాదు. థెమిస్‌కు చుట్టం మన ‘విధి’. హెసియోద్ ఒకచోట విధిదేవతలైన మొయిరాలను ఆమె కూతుళ్లనే చెప్పాడు మరి.

దికేను న్యాయదేవత అనండి, నాకు అభ్యంతరం లేదు. థెమిస్‌ను ధర్మదేవత అంటే అర్థం దగ్గరగానే ఉంటుంది, వ్యుత్పత్తి కుదరదు. విధిదేవత అంటే జనం నుదుటిరాత అనుకుంటారు. ఆమెను థెమిస్ అనే ఉంచితే మేలేమో.