పాత సినిమా పోస్టర్ల కోసం టాప్-అప్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 37. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికి రూ.58,000 వస్తుంది, ఇంటి ఖర్చు రూ.42,000. పాత తెలుగు సినిమాల పోస్టర్ల సేకరణ కోసం ఇటీవలే 15 శాతం వడ్డీకి, నాలుగేళ్ల గడువుతో రూ.3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. ఇప్పుడు ఒకరు 1950ల నాటి 40 పోస్టర్లు రూ.2 లక్షలకు ఇస్తామంటున్నారు. వాటి ధర పెరుగుతుంది కాబట్టి టాప్-అప్ (ఉన్న అప్పు మీదే అదనంగా ఇచ్చే అప్పు) తీసుకోవచ్చా? బ్యాంకులో రూ.30,000 ఉంది. ఆరోగ్య బీమా ఆఫీసు వారిదే. భార్య, కూతురు, అమ్మ నా మీదే ఆధారపడ్డారు.

జవాబు: తీసుకోవద్దు. సరదాకు పెట్టే ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టి, ఆ పేరు మీద అప్పు చేయడం నాకు వచ్చే ఉత్తరాల్లో తరచుగా కనిపించే పొరపాటు. ఒకరు పాత నాణేలంటారు, మరొకరు గడియారాలంటారు, మీరు పోస్టర్లంటున్నారు.

మీ అప్పుకు నెలకు సుమారు రూ.8,350 వాయిదా పడుతుంది, గడువు ముగిసేసరికి వడ్డీయే లక్ష దాటుతుంది. ఇంటి ఖర్చు, వాయిదా కలిపి నెలకు రూ.50,350 కావలసిన ఇంట్లో జీతం ఆగితే, మీ దగ్గరున్న రూ.30,000 పద్దెనిమిది రోజులు కూడా రాదు. ఆరు నెలల ఖర్చుగా రూ.3 లక్షలు పక్కన ఉండాలి. కొనుగోళ్లన్నీ ఆపి, నెలకు మిగిలే రూ.7,650 మొత్తం దాచినా అందుకు దాదాపు మూడేళ్లు పడుతుంది. అలాంటిది, ఆ మిగులులోంచే టాప్-అప్ వాయిదాగా ఇంకో అయిదున్నర వేలు అప్పిచ్చినవారికి ధారపోస్తానంటే నేను ఎలా ఒప్పుకోగలను?

ధర పెరుగుతుందన్న మీ నమ్మకం తప్పని అనను. గోడకెక్కిన పోస్టరు వానకు చిరిగి పోయేది. విజయవాడ గాంధీనగర్‌లోని సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో అంటించకుండా మిగిలిన కట్టలే నేటికి దక్కాయి కాబట్టి వాటికి గిరాకీ ఉంటుంది. అయితే 1957 నాటి మాయాబజార్ 2010లో రంగుల్లోనూ వచ్చినట్లు, ఆనాటి పేరున్న సినిమాలు పలుమార్లు మళ్లీ విడుదలయ్యాయి, విడుదలైనప్పుడల్లా కొత్త పోస్టర్లు అచ్చయ్యాయి. తొలి విడుదల నాటిదేదో తేల్చగలిగిన వారు చెప్పకుండా 40 పోస్టర్ల కట్టకు ధర కట్టడం గుడ్డి బేరం. పైగా అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి బంగారమైతే తాకట్టుకు పనికొస్తుంది, పోస్టరును ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు.

ఉద్యోగం పోతే ఆఫీసు బీమా కూడా పోతుంది. మీ ముగ్గురికి ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), అమ్మగారికి విడిగా పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ తీసుకోండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూసినవారికి కాగితం సంగతి చెప్పనక్కరలేదు. ఇంటి బీమాలో పోస్టర్ల విలువను ముందే ఒప్పించి విడిగా చేర్పించుకోకపోతే పరిహారం వస్తుందని అనుకోకండి.

సేకరణ మానమని నేను చెప్పడం లేదు. మీ దగ్గరున్న వాటిలో రెండు పోస్టర్లు అమ్మకానికి పెట్టి, ఎన్నాళ్లకు ఎంత చేతికొస్తుందో చూసి, ఆ డబ్బును అత్యవసర నిధిలో వేయండి.