విన్నవాళ్లకూ ఒక కాగితం

నల్లగొండ

తమ్ముడికి ఆశీస్సులు.

దేవరకొండ వైపు ఊళ్లలో అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లకు వెళ్లి వివరాలు సేకరించే పరిశోధక విద్యార్థులకు రచన నేర్పమని నిన్ను పిలిచారని, వాళ్ల చేత కథలు రాయించాలా, వాళ్లను ఓదార్చాలా అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. రెండూ నీ పని కావు. విన్నది దింపుకోవడానికి వాళ్లకు కాస్త చోటు చూపిస్తే చాలు.

ఆ ఇళ్లలో మాట ఎలా బయటికి వస్తుందో ముందు తెలుసుకో. 2004 నాటి జీవో 421 ప్రకారం పరిహారానికి త్రిసభ్య కమిటీ విచారణ ఉంటుంది కాబట్టి, పట్టా ఎవరి పేరున ఉంది, బోర్లు ఎన్ని వేశారు, అప్పుకు కాగితం ఉందా అన్న వరుసలోనే ఆ ఇల్లాలు తన గోస పలుమార్లు చెప్పి ఉంటుంది. పరిశోధకుల ప్రశ్నావళీ ఇంచుమించు అదే వరుసలో నడుస్తుంది. దండెం మీద ఇంకా వేలాడుతున్న తువ్వాల, మాట మధ్యలో ఆమె లేచిపోయి బర్రెకు నీళ్లు పెట్టి రావడం నివేదికకెక్కవు. విన్నవాడి లోపలే ఉండిపోతాయి. వాటినే రాయించు.

అయితే ఆమె గొంతుతో 'నేను' అంటూ రాయనివ్వకు. ఒకప్పుడు నేను ఆ పొరపాటు చేశాను. కథను మెచ్చుకున్నారు గానీ, ఆ ఇంటి ముందు నుంచి నడవలేక చాలాకాలం చుట్టుదారిన పోయాను. ఆమె చెబుతున్నప్పుడు విన్నవాడిగా తన చేతులు ఏం చేస్తున్నాయో, ఆమె ఇచ్చిన చాయ్ గొంతు దిగిందో లేదో రాయమను.

ఎదురుగా కూర్చొని వినడం కన్నా, రికార్డు చేసుకున్న మాటను తర్వాత ఎత్తి రాసే పనే ఒక్కోసారి మనిషిని ఎక్కువ నలగ్గొడుతుంది. ఒంటరిగా, గదిలో, మాట స్పష్టంగా లేదని అదే ఏడుపును నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినాలి. ఆ పని చేసిన రోజునే పావుగంట రాయించు. 1986లో అమెరికా మనస్తత్వ పరిశోధకులు పెన్నీబేకర్, బీల్ ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తమ గాయాల గురించి నాలుగు రోజులు పావుగంట చొప్పున రాశారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. అందుకే రాసి లేచినవాణ్ని వెంటనే ఒంటరిగా పంపకు. వారాల తరబడి నిద్ర పట్టనివాళ్లుంటే రాతతో సరిపెట్టక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఆ కాగితాలు ఎవరివి వారివే. చదివి వినిపించమనకు, పరిశోధన నోట్సులో కలపనివ్వకు, చించేస్తానంటే ఆపకు.

మొదటి రోజు నన్నూ రమ్మన్నావు. వస్తాను, వెనక వరుసలో కూర్చొని రాసుకుంటాను, ఏం రాశానని అడగొద్దు.