సమాధానం: నేపాల్‌లోకి మన బండి తీసుకెళ్లినప్పుడు ఇచ్చిన భన్సార్ (కస్టమ్స్) చీటీ మీద 2082-06-20 అని ఉంది, గడువు దాటిపోయిందా?

కంగారు పడకండి, మీ గడువు దాటలేదు. అది జూన్ 20 కాదు, చీటీ రాసిన అధికారి పొరపాటూ చేయలేదు. నేపాల్ ప్రభుత్వ కాగితాల మీద వేసేది విక్రమ సంవత్ తేదీ. వాళ్లకు ఏడాది వైశాఖంతో, ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. ఆరో నెల అసోజ్ మన సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది. ఆ లెక్కన మీ చీటీ 2025 అక్టోబరు 6 వరకు చెల్లుతుంది. మన పంచాంగంతో పోల్చి చూడకండి, వాళ్లది సౌరమానం. నేనూ మొదటిసారి అలాగే పోల్చి ఒక పూట తల బద్దలు కొట్టుకున్నాను.

ఇక పోఖరా నుంచి తిరుగు ప్రయాణం. ముగ్లింగ్ వైపు కొండచరియలు పడ్డాయన్నారు కదా, అటు పోకండి. స్యాంగ్జా, తాన్సేన్, బుట్వల్ మీదుగా సరిహద్దులోని సునౌలీ చేరే సిద్ధార్థ రాజమార్గం ఉంది. 181 కిలోమీటర్లే, కానీ అన్నీ మలుపులు, రోజంతా పడుతుంది. వాన పడుతుంటే ఆ దారి సంగతీ హోటల్లో కనుక్కునే బయలుదేరండి.

6వ తేదీకి చేరలేమనిపిస్తే గడువు ఉండగానే భన్సార్ కార్యాలయాన్ని సంప్రదించండి. దాటాక వెళితే జరిమానా తప్పదు. అసలు చీటీ మాత్రం జాగ్రత్త. మాది డ్యాష్‌బోర్డు మీద టీ ఒలికి సిరా అలుక్కుపోయింది, ఫోనులో ఫొటో ఉండబట్టి సరిహద్దులో బతికిపోయాం.