పీల్చుకోవడమా, పట్టి ఉంచుకోవడమా?

సందేహం: ఎసిటిలీన్ లాంటి ప్రమాదకరమైన వాయువులను 'సాగే గుణమున్న రంధ్రాల పదార్థాలు పీల్చుకుంటాయి' అని ఒక వార్తలో చదివాను. ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో మాత్రం 'అధిశోషణం' అని ఉంది. రెండూ ఒకటేనా? ఏది వాడాలి?

సమాధానం: ఒకటి కాదండీ. పీల్చుకోవడం, ఇంకడం అంటే వస్తువు లోపలంతా చేరిపోవడం. నీళ్లు నేలలో ఇంకుతాయి. శాస్త్ర పరిభాషలో అది శోషణం. ముందు 'అధి' చేరితే అర్థం మారుతుంది. ఆ ఉపసర్గకు పైన, మీద అని అర్థం. అధిరోహణ, అధిత్యక అన్నప్పుడూ అదే. అధిశోషణం అంటే ఉపరితలానికి అంటుకుని ఉండడం.

వెల్డింగ్ షాపులో ఎసిటిలీన్ సిలిండరే చూడండి. లోపల ఖాళీగా ఉండదు. సన్నని రంధ్రాలున్న గట్టి పదార్థం నింపి ఉంటుంది. అందులో అసిటోన్ ఇంకి ఉంటుంది, ఆ అసిటోన్‌లో ఎసిటిలీన్ కరిగి ఉంటుంది. అందుకే సిలిండర్‌ను నిలబెట్టే వాడతారు. పడుకోబెడితే గ్యాస్‌తో పాటు అసిటోనూ బయటికొస్తుంది. ఇంత తతంగం ఎందుకంటే, ఎసిటిలీన్‌ను ఊరికే అదిమి నింపితే, పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 2 రెట్లు దాటాక ఆక్సిజన్ లేకున్నా పేలగలదు.

2005లో క్యోటో విశ్వవిద్యాలయంలో సుసుము కిటగావా బృందం చూపిన దారి వేరు. 2025 రసాయన నోబెల్‌ను రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘిలతో పంచుకున్నది ఈయనే. ఆ బృందం వాడింది రాగి అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన చట్రం. దాని రంధ్రాల గోడల మీది ఆక్సిజన్ పరమాణువులు ఎసిటిలీన్ అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఏ అణువు దాని చోటనే ఉండిపోతుంది. విడి ఎసిటిలీన్‌ను సురక్షితంగా అదమగల హద్దుకు 200 రెట్ల సాంద్రతలో నిల్వ చేయగలిగారు. భద్రతంతా ఆ గోడల పట్టులోనే ఉన్నప్పుడు, 'పీల్చుకుంటాయి' అంటే అసలు సంగతే జారిపోతుంది.

'సాగే' అన్న మాట కూడా ఇక్కడ అతకలేదు. సాగడం రబ్బరుది, వంగడం తీగది. ఈ తరహా చట్రాల్లో కొన్ని ఒక పీడనం దాకా మూసుకుని ఉంటాయి. అది దాటగానే తెరుచుకుని వాయువును లోపలికి రానిస్తాయి, పీడనం తగ్గితే మళ్లీ ముడుచుకుంటాయి. దీనికి 'విచ్చుకోవడం' అని మనకు చక్కటి మాట ఉంది.

పరీక్షలో నిస్సంకోచంగా అధిశోషణం అనే రాయండి. పత్రికకు రాసేవాళ్లు 'పీడనం పెరిగితే విచ్చుకునే రంధ్రాలున్న పదార్థం, వాయువును లోపలి గోడలకు పట్టి ఉంచుకుంటుంది' అంటే చదివేవారికి తేలిగ్గా తెలుస్తుంది, శాస్త్రానికీ లోటు రాదు.